కలంకారీ చిత్రకళ: శ్రీకాళహస్తి వ్రాతపని, అందులోని సొంతదనం

నూలు గుడ్డ మీద కలంతో బొమ్మ గీసి, మొక్కల నుంచి తీసిన రంగులు ఎక్కించే కళ కలంకారీ. తెలుగునాట ఇది రెండు చోట్ల రెండు తీరులుగా బతికింది. తిరుపతి జిల్లాలో స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తిలో బొమ్మంతా చేతితోనే గీస్తారు. కృష్ణా జిల్లాలో మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. రంగు పట్టించే విద్య మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. కాళహస్తి వాళ్లు తమది వ్రాతపని అంటారు, పెడన వాళ్లది అద్దకం. ఈ వ్యాసం ముఖ్యంగా వ్రాతపని గురించి. గుడ్డ ముందు కూర్చున్న చిత్రకారుడి చేతిలో ఏముంది, ఏం లేదు? తరతరాలుగా అదే రామాయణం, అదే భారతం గీస్తున్న చోట సొంతదనం ఎక్కడ కనిపిస్తుంది? నకళ్లు ముంచెత్తుతున్న రోజుల్లో దాని సంగతేమిటి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

కాన్వాసు ముందు నిలబడ్డ చిత్రకారుడు ఏ రంగుతోనైనా మొదలుపెట్టవచ్చు, నచ్చకపోతే పైన ఇంకో పూత వెయ్యవచ్చు. కలంకారీలో ఆ వీలు లేదు. ముందు నలుపు, తరువాత ఎరుపు, ఆ పైన పసుపు, నీలం. ఈ వరుసను నిర్ణయించేది రసాయనం. ఒక మెట్టు తప్పితే వెనక్కి వెళ్లే దారి ఉండదు. రంగుల ఎంపికలోనో, కథలోనో కొత్తదనం వెతికేవారికి అందుకే కాళహస్తి గుడ్డలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. చూడవలసింది గీతను. దాని తరువాత, కథలో చిత్రకారుడు ఏది పట్టుకున్నాడు, ఏది వదిలేశాడు అన్నదాన్ని.

గుడ్డ, పాలు, కసిం

ముతక నూలు గుడ్డను గాడా అంటారు. గంజి పోయేలా ఉతికి, పేడ కలిపిన నీళ్లలో రాత్రంతా నానేసి, మర్నాడు పిండి ఎండలో పరుస్తారు. ఆరుతున్నకొద్దీ నీళ్లు చిలకరిస్తూ ఉంటారు. ఇలా కొన్ని రోజులు చేస్తే గుడ్డ తెల్లబడుతుంది. ఆ తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, గట్టిగా పిండి, ఆరేస్తారు. గేదె పాలే వాడతారు, కారణం వాటిలో ఉండే వెన్న. ఆ కొవ్వు పోగుల మధ్య చేరి, కలం నుంచి దిగిన ద్రవం అటూ ఇటూ పాకకుండా పట్టి ఉంచుతుంది. పాలు పట్టని గుడ్డ మీద గీత గీస్తే, నాసిరకం కాగితం మీద సిరా పాకినట్టు అంచులు చెదిరిపోతాయి. ఇక కరక్కాయ పని వేరు. దానిలోని టానిన్ నూలుకు పట్టి, రాబోయే నలుపు కోసం కాచుకుని ఉంటుంది. ఈ దశలో గుడ్డ లేత పసుపు రంగులో, పాల వాసనతో ఉంటుంది. ఆ వాసన బొమ్మ పూర్తయ్యాక కూడా కొంతకాలం వదలదు.

కలం చూడ్డానికి చాలా సాదా వస్తువు. వెదురు పుల్లనో ఈత పుల్లనో ఒక కొసన చెక్కి, కొసకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డ పేలికగానీ ఉండలా చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ ఉండను ద్రవంలో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తారు. ఎంత నొక్కితే అంత ద్రవం దిగుతుంది. సన్నని గీతలకు మొనదేలిన కలం, రంగు నింపడానికి మొద్దు కలం. నిబ్బు పెన్నులా ఇది తనంతట తాను ద్రవాన్ని సమంగా వదలదు. గీత పొడవునా బొటనవేలు, చూపుడువేలు ఆ ఉండ మీద ఒత్తిడి మారుస్తూ పోవాలి. ఒక్కో చిత్రకారుడి గీత ఒక్కోలా ఉండడానికి మొదటి కారణం ఇదే. ఏనుగు వీపు గీసేటప్పుడు మధ్యలో ఆగి కలం మళ్లీ ముంచాడా, ఒక్క ఊపులో లాగాడా అన్నది తెలిసిన కంటికి గుడ్డ మీద కనిపిస్తుంది.

ముందుగా చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ ఆనవాలు గీసుకుంటారు. చేతి పని అని పేరే గానీ, నిజానికి ఇక్కడ పనిచేసేది భుజం. పెద్ద వంపులన్నీ భుజం నుంచి వస్తాయి. బొగ్గు చెరిగిపోతుంది కాబట్టి ఈ దశలో ఎన్ని మార్పులైనా చేసుకోవచ్చు. ఆ తరువాత కసిం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, మేకులు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే ద్రవం ఇది. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. కుండలో ఉన్నప్పుడు దాని రంగు అంతంత మాత్రమే. గుడ్డకు తగలగానే కరక్కాయ టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. ఒకసారి నల్లబడ్డ గీతను చెరపడం దాదాపు అసాధ్యం. బొగ్గు దశలో తటపటాయించినవాడు కూడా కసిం పట్టేసరికి తేల్చుకుని ఉండాలి.

కసింలో ఇనుము పాలు ఎక్కువైతే ఇంకో చిక్కు ఉంది. నలుపు బాగా వస్తుంది గానీ కాలం గడిచేకొద్దీ ఆ ఇనుమే నూలును తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత కోరమాండల్ (తూర్పు తీరపు) గుడ్డల్లో ఎర్రటి పువ్వు చెక్కు చెదరకుండా ఉండి, దాని చుట్టూ ఉన్న నల్లటి గీత మాత్రం చిరిగి రాలిపోవడం కనిపిస్తుంది. చిక్కని నలుపు కోసం ఆశపడ్డ చిత్రకారుడి బొమ్మ, ఆ గీతల వెంటే ముందుగా విడిపోతుందన్నమాట.

కనిపించని ఎరుపు

ఎరుపు సంగతి మరీ విచిత్రం. ఎరుపు రావలసిన చోట రాసేది పటిక నీళ్లు. పటికకు తనదంటూ రంగు లేదు. ఎక్కడ రాశారో కంటికి ఆనడానికి అందులో చిటికెడు ఏదో ఒక రంగు కలుపుకోవడం అద్దకం వాళ్లకు పాత అలవాటు. గుడ్డను ఆరనిచ్చి, పారే నీటిలో జాడిస్తారు. పారే నీరే కావాలి. గుడ్డకు పట్టగా మిగిలిన పటిక నిలవ నీటిలో కరిగితే, అది పక్కన తెల్లగా ఉండవలసిన చోట అంటుకుంటుంది. ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎర్రబడుతుంది. కాళహస్తికి స్వర్ణముఖి ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. నదిలో ప్రవాహం తగ్గిన నెలల్లో మొదట చిక్కుబడే పని ఇదే.

తరువాత మంజిష్ఠ, చిరివేరు, సురుగుడు చెక్క వంటివి వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. లేని చోట అంటిన చాయ, మళ్లీ పేడ నీళ్లు, ఎండ తగిలితే పోతుంది. పటిక చిక్కగా రాస్తే ముదురు ఎరుపు, పలచగా రాస్తే గులాబీ చాయ, పటికలో కసిం కలిపితే ఊదా రంగు, ముదురు గోధుమ. అంటే ఒకే కుండలో, ఒకేసారి ఉడికిన గుడ్డ మీద నాలుగైదు రంగులు లేస్తాయి. వాటి తేడా అంతా ఉడికించడానికి ముందు, ఏ రంగూ కంటికి కనిపించని దశలో రాసినదే. చిత్రకారుడు బొమ్మను ముందు మనసులో పూర్తి చేసుకోకపోతే ఇది సాధ్యపడదు. కలంకారీలో ఊహ అంటే ఈ ముందుచూపే అనడం అతిశయోక్తి కాదు.

పసుపు కరక్కాయ పువ్వు నుంచీ దానిమ్మ తొక్క నుంచీ వస్తుంది. నీలం నీలిమందు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఇన్ని ఉతుకులు, ఆరవేతలు, ఉడికింపులు కలిపి మొత్తం మెట్లు 17 అని కొందరు, 23 అని కొందరు చెబుతారు. ఉతికిన ప్రతిసారీ లెక్కలో వేస్తే సంఖ్య పెరుగుతుంది, అంతే.

ఎరుపుకు వాడే చిరివేరు గురించి ఒక మాట. 17వ శతాబ్దిలో మచిలీపట్నం ప్రాంతపు అద్దకానికి పేరు తెచ్చింది ఈ వేరే. నిజాంపట్నం పరిసరాల ఇసుక నేలల్లో దొరికే వేరు మేలైనదని నాటి వర్తకులు రాసుకున్నారు. మంజిష్ఠ జాతి వేర్లలోనూ చిరివేరులోనూ ఎరుపునిచ్చే పదార్థాలు దగ్గరి చుట్టాలు. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్మన్ ఆ పదార్థాల్లో ఒకటైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు కూడా బజారుకు వచ్చింది. ఆ దెబ్బకు చిరివేరు తవ్వేవారి బతుకూ, నీలి సాగూ రెండూ కుంగిపోయాయి. నేటి అద్దకాల్లో చాలావాటికి ఎరుపునిచ్చేది ఆ కృత్రిమ అలిజరినే. మొక్కల రంగు అని అమ్మే ప్రతి ఎరుపూ వేరు నుంచి వచ్చింది కాదన్న సంగతి కొనేవారికి సాధారణంగా ఎవరూ చెప్పరు.

కొనేవారి కోరిక, గీసేవారి ఇష్టం

సొంతదనాన్ని కళాకారుడి ఒంటరి తపస్సుగా ఊహించుకోవడం ఇటీవలి అలవాటు. కోరమాండల్ తీరపు చరిత్ర ఆ ఊహకు లొంగదు. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో అడుగుపెట్టేనాటికే ఇక్కడి గుడ్డలు ఇరాన్‌కూ తూర్పు దీవులకూ వెళుతున్నాయి. ఇరాన్ కోసం ఒక తీరు, సయాం రాజాస్థానం కోసం ఇంకో తీరు, ఇండోనేషియా దీవుల్లో పెళ్లిళ్లకూ కర్మకాండకూ వాడే పొడవాటి గుడ్డలు మరో తీరు. జపాన్‌కు చేరిన ముక్కలను అక్కడివారు తేనీటి వేడుకల్లో వాడే సంచులుగా కుట్టుకున్నారు. ఆర్మీనియన్ వర్తకులు తమ చర్చిలకు తెరలు గీయించుకున్నారు. ఒకే తీరంలోని చేతులు ఇన్ని దేశాల అభిరుచులను గీశాయి.

1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు ఒక ఉత్తరం రాశారు. వచ్చిన దుప్పట్లలో ముదురు ఎర్రటి నేల ఎక్కువగా ఉంది, అవి ఇక్కడ అంతగా పోవడం లేదు, ఇక మీదట తెల్లటి నేల ఎక్కువ ఉంచి, మధ్యలో పూలు, కొమ్మలు రంగుల్లో చిత్రకారుడికి ఎలా నచ్చితే అలా వెయ్యమనండి అని దాని సారాంశం. నేల రంగు కొనేవాడు చెప్పాడు, పువ్వును మాత్రం చిత్రకారుడికి వదిలేశాడు. తరువాతి రోజుల్లో ఆ వెసులుబాటు కూడా తగ్గింది. యూరప్ నుంచి నమూనాలు రావడం మొదలైంది. కాగితం మీద గీసిన నమూనాకు గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, బొగ్గు పొడి అద్ది ఆనవాలు దించుకునే పద్ధతి ఎగుమతి పనిలో స్థిరపడింది. అయినా ఆ నమూనాలు ఇక్కడి చేతుల్లోంచి వెళ్లేసరికి మారిపోయేవి. ఇంగ్లీషు కుట్టుపని పువ్వు, చైనా గుట్ట, ఇరాన్ చెట్టు, తెలుగు తీరపు ఆకు కలిసి జీవవృక్షం అనే కొత్త బొమ్మ పుట్టింది. రాతి గుట్ట మీద వంకర్లు తిరిగిన ఒకే చెట్టు, దాని నిండా ప్రకృతిలో ఎక్కడా లేని రకరకాల పూలు. పరదేశి మంచాల మీద పరవడానికి పుట్టిన ఆ బొమ్మనే ఈనాడు కాళహస్తి దుకాణాల్లో అతి ప్రాచీన భారతీయ సంప్రదాయమని అమ్ముతున్నారు. తప్పేమీ లేదు. ఈ కళలో సంప్రదాయం అనిపించుకున్నవాటిలో చాలా భాగం ఒకప్పుడు ఎవరో అడిగితే కొత్తగా చేసి ఇచ్చినవే.

ఈ గుడ్డలు యూరప్‌ను ఎంత ఊపాయంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండ్ కూడా ఆ తరువాతి దశాబ్దాల్లో అదే బాట పట్టింది. నిషేధం ఒక పక్క సాగుతుంటే, రహస్యం తెలుసుకునే ప్రయత్నం ఇంకో పక్క సాగింది. 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి అద్దకం వాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో మెట్టు పూర్తి కాగానే గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి దాచాడు. ఆ ముక్కలు ప్యారిస్‌లో ఈనాటికీ ఉన్నాయి. 1742లో జెసూట్ మతబోధకుడు కేర్దూ తన దగ్గర క్రైస్తవం పుచ్చుకున్న అద్దకం వాళ్లను అడిగి తెలుసుకున్న పద్ధతినంతా ఉత్తరంలో రాసి పంపాడు. ఈయన తెలుగు నేర్చినవాడు, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. మన చేతుల రహస్యం మన భాష ద్వారానే బయటికి వెళ్లి ఉంటే ఆశ్చర్యం లేదు. అయితే కేర్దూ ఉత్తరం చదివి పాలు, కరక్కాయ, పటిక కొలతలు నేర్చుకున్న యూరప్, చివరికి కలాన్ని వదిలి అచ్చుల యంత్రాలనే పట్టుకుంది. పద్ధతి ఉత్తరంలో వెళ్లింది, చెయ్యి వెళ్లలేదు.

గుడి తెర, కథ చెప్పే గుడ్డ

సముద్రం మీద వెళ్లే గుడ్డ ఒక లోకమైతే కాళహస్తి గుడ్డ మరో లోకం. ఇక్కడ ఒకప్పుడు కొన్నది గుళ్లు, జమీందార్లు. గుడిలో దేవుడి వెనక కట్టే తెరలు, రథాలకు కట్టే గుడ్డలు, మండపాల మీద పందిళ్లు. సాధారణంగా మధ్యలో ఒక పెద్ద చదరంలో పట్టాభిషేకమో, ప్రధాన దైవమో ఉంటుంది. చుట్టూ వరుసలు వరుసలుగా చిన్న గళ్లలో కథ సాగుతుంది. గళ్ల మీద తెలుగులో వివరం రాస్తారు. ఎడమ నుంచి కుడికి పుస్తకం చదివినట్టు చదువుకుంటూ పోవచ్చు. ఆ ముఖాలు, వెడల్పాటి కళ్లు, నడుము దగ్గర చెరగని బట్టల మడతలు విజయనగర కాలపు కుడ్యచిత్రాలను గుర్తు చేస్తాయి. 16వ శతాబ్దిలో లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద వేసిన బొమ్మల్లోని చీరల అంచులు చూసినవారికి ఈ చుట్టరికం వెంటనే తెలుస్తుంది. నాయకరాజుల కాలంలో తంజావూరు వైపు వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ ఇదే పనిని మరో యాసలో కొనసాగించాయి.

కథ అందరికీ తెలిసిందే. మరి చిత్రకారుడికి మిగిలిందేమిటి? గళ్లు. రామాయణం మొత్తాన్ని ఒక గుడ్డలో ఇమడ్చాలంటే ఏ ఘట్టానికి ఎంత చోటు ఇవ్వాలో తేల్చుకోవాలి. ఒకరు వాలి సుగ్రీవుల యుద్ధాన్ని ఒక గడిలో ముగిస్తారు. ఇంకొకరు అదే యుద్ధాన్ని మూడు గళ్లకు సాగదీసి, సేతువు కట్టే కోతులకు మాత్రం సన్నని పట్టీ ఇస్తారు. ఒకే గడిలో ఒకే పాత్రను రెండుసార్లు చూపించి కాలం కదిలిందని తెలియజెప్పడం ఒక ఉపాయం. మారీచుడి జింక ఒక మూల గంతులేస్తుంటే, పక్కనే బాణం తగిలిన మారీచుడు రాక్షస రూపంలో పడి ఉంటాడు, మధ్యలో గీత కూడా ఉండదు. కథ తెలిసిన ప్రేక్షకుడు ఆ ఖాళీని తనే నింపుకుంటాడు. కాళహస్తి స్థలపురాణం కూడా గళ్ల కథకు అనువైనదే. సాలెపురుగు, పాము, ఏనుగు వంతులవారీగా చేసే పూజ, తరువాత కన్నప్ప. సాలెపురుగు అల్లిన గూటిని కలంతో గీయడం ఏ చిత్రకారుడికైనా పరీక్షే. పాలు సరిగ్గా పట్టని చోట గూడు మొత్తం ఒక నల్ల మచ్చ అయిపోతుంది.

1957 తరువాత

19వ శతాబ్దం చివరికి మాంచెస్టర్ గుడ్డ, కృత్రిమ రంగులు కలిసి ఈ పనిని కుంగదీశాయి. మద్రాసు చిత్రకళా పాఠశాల అధికారి హాడవే 1917లో మద్రాసు రాష్ట్రంలోని గుడ్డల చిత్రకళ, అద్దకాల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. దాన్ని సగం మరణవార్తలా చదవవలసిన రోజులవి. స్వాతంత్ర్యం తరువాత కాళహస్తిలో ఈ విద్య తెలిసినవాళ్లు కొద్దిమందే మిగిలారు. చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడ్డ కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా కూర్చున్నారు. అంతవరకు తండ్రి నుంచి కొడుకుకు పోయిన విద్య తరగతి గదికి వచ్చింది. కులంతో, కుటుంబంతో పనిలేకుండా ఎవరైనా నేర్చుకునే దారి ఏర్పడింది.

ఈ మలుపును పొగిడేవారు దాని రెండో వైపు అంతగా చూడరు. ఒక గురువు, ఒక తరగతి, ఒకే నమూనాల మీద సాధన. ముఖం కొలతలో ఇన్ని వంతులని శరీరాన్ని లెక్కగట్టి గీయడం, గురువు బొమ్మను కాగితం మీద పదేపదే దించడం. ఇవి లేకపోతే చెయ్యి తిరగదు, నిజమే. కానీ ఆ తరగతుల్లోంచి వచ్చినవారి రాముళ్లు, సీతలు తోబుట్టువుల్లా ఉండడానికి కూడా ఇదే కారణం. మనం ఈనాడు కాళహస్తి శైలి అని గుర్తుపట్టేది చాలావరకు ఆ గదిలో స్థిరపడిన శైలి. పోయే విద్యను బతికించడం, అందులో రకాలు నిలపడం రెండూ ఒకేసారి జరగలేదు. మొదటిది జరగకపోతే రెండోదాని గురించి మాట్లాడే అవకాశమే ఉండేది కాదు కాబట్టి ఫిర్యాదు చెయ్యలేం.

లక్ష్మయ్య కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి (జననం 1937) ఈ కళకు దేశమంతటా ముఖమయ్యారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కుటుంబంలోని తరువాతి తరమూ ఇదే పనిలో ఉంది. ఆయన తరం చేసిన ముఖ్యమైన పని, గుడి తెర కోసం ఏర్పడిన కూర్పును గోడకు తగిలించే చిత్రంగా మార్చుకోవడం. గుళ్లో భక్తుడు దూరం నుంచి దైవాన్ని చూస్తాడు. ఇంట్లో గోడ మీద గుడ్డను మనిషి రెండడుగుల దూరం నుంచి చూస్తాడు. దగ్గరి చూపుకు గీత సన్నబడింది, అంచుల్లో అల్లిక పెరిగింది, ఖాళీ తగ్గింది. రామాయణ భారతాల పక్కన బుద్ధుడి జీవితం, ఏసుక్రీస్తు కథ కూడా కాళహస్తి గళ్లలోకి వచ్చాయి. క్రీస్తు కథకు పాత నమూనా ఏదీ లేదు. శిష్యులు ఎలా కూర్చోవాలి, యెరూషలేము ఇల్లు ఎలా ఉండాలి అన్నవి చిత్రకారులు కొత్తగా కల్పించుకోవలసి వచ్చింది. వెడల్పాటి కళ్ల శిష్యులు, మండపాల్లాంటి ఇళ్లు అలా పుట్టాయి.

ఇదే కాలంలో దేశంలో మరో ప్రయత్నం సాగింది. 1950లలో చేనేత కోసం పనిచేసిన పుపుల్ జయకర్ పూనికతో నేతగాళ్ల సేవా కేంద్రాలు వెలిశాయి. కె.జి. సుబ్రమణ్యన్, ప్రభాకర్ బర్వే వంటి ఆధునిక చిత్రకారులు వాటిలో పనిచేశారు. 1980లలో వస్త్రకళా నిపుణుడు మార్తాండ్ సింగ్ రూపొందించిన విశ్వకర్మ ప్రదర్శనలు మ్యూజియాల్లోని పాత గుడ్డలను ముందు పెట్టి, అంతకు తగ్గకుండా కొత్తవి చేయించాయి. ఇది ఒక రకంగా 1643 నాటి ఉత్తరానికి తిరుగుబాటు. కొనేవాడి అభిరుచికి దించడం మాని, చేతికి చేతనయినంత పైకి ఎత్తి అడిగారు. ఫలితం అందంగా ఉంది. కాకపోతే ఏం గీయాలో నిర్ణయించేవారు మాత్రం ఢిల్లీలో ఉండిపోయారు. రూపకర్త, కళాకారుడు అనే విభజన ఇలాంటి ప్రయత్నాలన్నిటిలోనూ పక్కలో బల్లెంలా ఉంది.

చీర మీదికి

గోడ గుడ్డ కొనేవారు తక్కువ, చీర కొనేవారు ఎక్కువ. కాళహస్తి పని చీర కొంగుకు, దుపట్టాకు, జాకెట్టు ముక్కకు మళ్లింది. పట్టు, టస్సరు మీద కూడా గీయడం మొదలైంది. ఒకప్పుడు మగవాళ్లే ఎక్కువగా కలం పట్టిన చోట స్త్రీలు పెద్ద సంఖ్యలో చేరారు. గీసేవారు ఒకరు, రంగు నింపేవారు ఇంకొకరు అన్న పని విభజన ఏర్పడింది. నింపే పనికి కూలి తక్కువ, పేరు అసలే ఉండదు. సొంతదనం గురించి ఏ చర్చ జరిగినా ఈ రెండో చేతిని లెక్కలోకి తీసుకోకపోతే అది సగం చర్చే. చీర మీద పురి విప్పిన నెమలి అందం గీసినవారిదా, ఈకకు ఈకకు మధ్య పటిక చిక్కదనం మారుస్తూ పోయినవారిదా అని తేల్చడం అంత తేలిక కాదు.

చీర కూర్పు వేరే లెక్క. కుచ్చిళ్లలో పోయే బొమ్మకు అర్థం లేదు, భుజం మీద తలకిందులయ్యే దేవుడు బాగుండడు. అందుకే చీరలో కథ తగ్గి, చెట్టు, పక్షి, ఏనుగు, నర్తకి పెరిగాయి. పాదాల దగ్గర దేవుళ్ల బొమ్మలు వద్దనే కొనుగోలుదారుల మాట కూడా దీనికి తోడయింది. కథ చెప్పే కళకు ఇది నష్టమే. తెరల కోసం సాధన చేసిన చేతులకు చీర తిండి పెట్టింది, కానీ మారీచుడిని ఒకే గడిలో రెండుసార్లు గీసే తెలివి అక్కడ అక్కరకు రాదు.

రెండు కొత్త దారులు

పాత విద్యను కొత్త ప్రశ్నలతో పట్టుకున్నవారిలో ఇద్దరి పని ఇక్కడ చెప్పుకోదగ్గది. ఇద్దరూ కాళహస్తి కుటుంబాల నుంచి వచ్చినవారు కారు.

హైదరాబాదులో 1977లో పుట్టి, బరోడాలో చిత్రకళ చదివిన లావణ్య మణి కలంకారీ రంగులనూ పద్ధతినీ తన చిత్రాలకు మాధ్యమంగా తీసుకున్నారు. ఆమె గుడ్డల మీద ఓడలు, యాత్రికుల కథలు, వలస వర్తకం వచ్చి చేరతాయి. ఏ గుడ్డ కోసం యుద్ధాలు, నిషేధాలు జరిగాయో ఆ గుడ్డ మీదే ఆ చరిత్రను గీయడం ఆమె ఎత్తుగడ. విషయమూ మాధ్యమమూ ఇంతగా ఒకదానినొకటి పట్టుకోవడం సమకాలీన కళలో అరుదు.

బెంగళూరులో పనిచేసే రేణుకా రెడ్డి వెతుకులాట వేరు. 17, 18 శతాబ్దాల కోరమాండల్ గుడ్డల్లో ఎర్రటి ఆకు లోపల వెంట్రుకంత తెల్లటి గీతలు ఉంటాయి. అవి గీసిన తెలుపు కాదు. అక్కడ ముందే కరిగించిన మైనంతో గీసి, దాని మీద పటిక పట్టకుండా ఆపగా మిగిలిన గుడ్డ తెలుపు. ఈ మైనపు పని కాళహస్తిలో మిగల్లేదు. పాత రాతలనూ మ్యూజియం ముక్కలనూ చూసి, ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి ఆమె ఆ గీతను మళ్లీ సాధించారు. మైనం చల్లారితే కలంలోంచి దిగదు, మరీ వేడిగా ఉంటే గుడ్డలోకి పాకిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది క్షణాల్లో చెయ్యి గీత లాగేయాలి. పూర్వం ఎవరో చేసినదాన్ని అచ్చంగా తిరిగి చెయ్యడానికి ఇంత శ్రమ పడిన మనిషిని నకలు చేశారనగలమా? పోయిన ప్రక్రియను కనిపెట్టడం కూడా కనిపెట్టడమే. చూపి నేర్పే గురువు లేనప్పుడు మరీ.

నకళ్లు, చట్టం, ఆనవాళ్లు

శ్రీకాళహస్తి కలంకారీకి, మచిలీపట్నం కలంకారీకి విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ గుర్తింపు ఊరిని, పద్ధతిని కాపాడుతుంది గానీ ఫలానా చిత్రకారుడి ఫలానా బొమ్మను కాపాడదు. బొమ్మకు కాపీరైటు వర్తిస్తుంది, కానీ అక్కడొక మెలిక ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో, హక్కుదారుగానీ ఆయన అనుమతి పొందినవారుగానీ 50 సార్లకు మించి తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైటు పోతుంది. గోడకు తగిలించే ఒకే ఒక్క చిత్రానికి దీనితో చిక్కు తక్కువ. అదే బొమ్మను చీరల వ్యాపారానికి ఇచ్చినప్పుడు మాత్రం ఈ సెక్షన్ గుర్తుండాలి. ఆచరణలో చూస్తే, ఎక్కడో దూరాన స్క్రీను ప్రింటు, డిజిటల్ ప్రింటు వేసేవాడి మీద కాళహస్తి చిత్రకారుడు కోర్టుకు వెళ్లడం ఖర్చుతో కూడిన మాట. నకిలీ చీర అసలు ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది, పైగా దానికీ కలంకారీ అనే పేరే.

తేడా పట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. చేతి గీత మందం ఒకేలా ఉండదు. కలం ముంచిన చోట చిక్కగా మొదలై, ద్రవం అయిపోయేకొద్దీ సన్నబడుతుంది. అదే పువ్వు గుడ్డ మీద రెండు చోట్ల ఉంటే, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో ఒక రేకు దగ్గర తేడా కనిపించాలి. కనిపించకపోతే అది అచ్చో ప్రింటో అయి ఉంటుంది. ప్రింటులో రంగు సాధారణంగా గుడ్డ ముఖం మీదే ఆగిపోయి వెనక వైపు బాగా పాలిపోయి ఉంటుంది. ఉడికి పట్టిన రంగు వెనక్కి కూడా దిగుతుంది. అచ్చు అద్దకంలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దొరుకుతుంది, పెడన పనికి అది లోపమేమీ కాదు. కాళహస్తి పాత గుడ్డల్లో గళ్ల మీద కథ పేర్లు ఉంటాయి గానీ గీసినవారి పేరు చాలావాటిలో ఉండదు. ఇప్పటి చిత్రకారులు గుడ్డ మూలన సంతకం పెడుతున్నారు, కొందరు అదే కసింతో.